సైరన్ మోగని రోజులు

ఆ డాక్యుమెంటరీని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "సౌండ్ నువ్వే కదా చేసింది, ఆ పేలుడు వింటే గుండె ఆగినంత పనైంది" అంటారు. ఆగకేం చేస్తుంది? ఆ పేలుడుకు కూలింది మా అవ్వ ఇల్లు. సెట్టింగు కాదు.

హిందూపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాం. ముగ్గురేసి జట్టుగా చేరి ఒక చిన్న డాక్యుమెంటరీ తీయాలన్నారు. మా జట్టులో కెమెరా ఉన్నవాడు ఒక్కడే, ధర్మవరం అబ్బాయి. వాళ్ల నాయనకు పట్టుచీరల అంగడి ఉంది. కెమెరా ఎవరిదో వాడే డైరెక్టర్ అని ఎవరూ అడక్కుండానే తేలిపోయింది. రెండో మనిషి యాంకర్. చెప్పాల్సిన నాలుగు మాటలకు నలభైసార్లు దువ్వెన తీసే అమ్మాయి. మూడోదాన్ని నేను. మైకు, రికార్డరు తెచ్చి నా మెడలో వేశారు.

ఏం తీయాలన్నది డైరెక్టరే ఎంచాడు. మా అవ్వతో నేను రోజూ ఫోన్లో అరుస్తూ మాట్లాడేది విని ఎంచాడు. ఆమెది పెనుకొండ దగ్గర పల్లె. ఊరి పక్క గుట్టలో కంకర క్వారీ పెట్టారు. మందు పెట్టి బండలు పేల్చినప్పుడల్లా ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయని ఊరివాళ్లు పోరాట సమితి ఒకటి పెట్టుకున్నారు. అందరికన్నా క్వారీకి దగ్గరగా ఉన్నది మా అవ్వ మట్టి మిద్దె. అది తాతల నాటి ఆస్తి ఏమీ కాదు. ఆమె కూలికి పోయి, సందె వేళల్లో రాళ్లు మోసుకొచ్చి, తనే దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు.

క్వారీలో సైరన్ కూయగానే అవ్వ మేకలను తోలుకుని బయటికి వచ్చి కానుగ చెట్టు కింద కూర్చునేది. పేలుడు అయ్యాక లోపలికి పోయి వెనక గోడ చూసుకునేది. నెర్రె పెద్దదైతే ఎర్రమన్ను, పేడ కలిపి మెత్తేది. మరుసటి పేలుడుకు అది మళ్లీ విచ్చుకునేది, ఆమె మళ్లీ మెత్తేది. మా నాయన హిందూపురం వచ్చేయమని ఎన్నిసార్లు పిలిచినా ఒకటే మాట. "గోడ నిలబడినన్ని దినాలు నేనూ ఈడనే. నన్ను లెయ్యమనే ముందర దాన్ని పడమను."

మేము కెమెరాతో దిగిన రోజున ఊళ్లో మాకు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. క్వారీవాళ్లే మమ్మల్ని పంపారని అనుమానం. సమితి అధ్యక్షుడు బైకు మీద నుంచి దిగకుండానే అడిగాడు. "ఏమప్పా, ఎవురు దుడ్లిచ్చి పంపినారు మిమ్మల్ని?" నేను అవ్వ పేరు చెప్పాకగానీ ఆయన ముఖం ముడి విప్పలేదు. విప్పింది కూడా మా మీద ప్రేమతో కాదు, సినిమాలో తనే ముందుంటానని తెలిశాక. నిన్నమొన్నటిదాకా ఆ క్వారీకే ట్రాక్టర్లు తిప్పిన మనిషి ఆయన. ఆ కాంట్రాక్టు పోయాక హఠాత్తుగా గుట్ట మీద ప్రేమ పుట్టింది. ఈ సంగతి నేను అన్నానని తెలిసి నాతో మాట్లాడటం మానేశాడు. నాకూ హాయిగానే ఉండింది.

డైరెక్టర్ మాత్రం మా అవ్వ వెంట పడ్డాడు. "అవ్వా, ఆ గోడ పట్టుకొని ఒకసారి ఏడువు, చాలు" అన్నాడు.

"పడితే ఏడుస్తా. నిలబడిన గోడను పట్టుకొని ఎందుకేడవల్ల? దానికి దిష్టి తగలల్లనా?" అంది అవ్వ.

ఆమె ఏడవదని తెలిశాక వాడికి ఆమె అడ్డమైంది. గోడ తీస్తుంటే చీపురుతో వచ్చేది, గుట్ట తీస్తుంటే మేకను వెతుక్కుంటూ వచ్చేది. "అవ్వా, ఫ్రేమ్‌లోకొచ్చినావు, పక్కకు పో." పొద్దున లేచింది మొదలు వాడి నోట ఇదే మాట. అవ్వ నన్ను పిలిచి అడిగింది. "నా వాకిట్లో నేను తిరిగితే వీనికేమి నొప్పిమే? ఫ్రేమంటే ఏమి?" కెమెరాకు కనబడే జాగా అని చెప్పాను. ఆ తరవాత మేకలను అదిలించేటప్పుడు కూడా, "ఏయ్, ఫ్రేమ్‌లోకి పోతాండావు, ఇట్లరా" అనడం మొదలుపెట్టింది. వాడికి అది వెక్కిరింపని అర్థం కాలేదు.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. మేము వచ్చినప్పటి నుంచి క్వారీలో పేలుళ్లు ఆగిపోయాయి. మిషన్లు తిరిగేవి, లారీలు పోయేవి, సైరన్ మాత్రం మోగేది కాదు. క్వారీ కాపలావాడు గుట్ట మీద నుంచి చేయి అడ్డం పెట్టుకుని మా కెమెరా వైపే చూసేవాడు. కాలేజీ పిల్లలు తీస్తున్నారని వాళ్లకు భయం. అవ్వ మెత్తిన మన్ను మొదటిసారి నిదానంగా ఎండింది, విచ్చుకోలేదు. ఆమె పొద్దున్నే దాని మీద అరచెయ్యి పెట్టి చూసుకునేది. పైకి ఏమీ అనేది కాదుగానీ ముఖం వెలిగిపోయేది.

"మీరు పోయినా పోండి. ఆ మూడుకాళ్లదాన్ని మాత్రం ఈడనే పెట్టిపోండి. అది ఉంటే వాళ్లు పేల్చరు" అంది ట్రైపాడ్‌ను చూపిస్తూ.

నాకు అది చాలా తెలివైన మాట అనిపించింది. డైరెక్టర్‌కు చేదుగా ఉండింది. పేలుడు లేకపోతే సినిమా ఏముంది అని వాడి ఏడుపు. అధ్యక్షుడిదీ అదే పాట. ఆఫీసర్లు రుజువు అడుగుతున్నారు, పేలుడుకు ఇల్లు కదిలేది కెమెరాలో పడితే తప్ప కేసు నిలవదు అన్నాడు. ఆ మాటలో నిజం ఉందని నాకూ తెలుసు. కానీ రుజువు కావాలంటే కదలాల్సింది ఎవరి ఇల్లు? ఆయనది ఊరి మధ్యలో సిమెంటు ఇల్లు.

"పేల్చేదాకా ఆగుదాం. పేల్చే ముందు అవ్వను మా చిన్నాన్న ఇంటికి పంపుదాం, మేకలతో సహా" అన్నాను. సరే సరే అని తలలూపారు. వాళ్ల తల ఊపుడుకు విలువెంతో తరవాత తెలిసింది.

మరుసటి రోజు పొద్దున డైరెక్టర్ వచ్చి, సమితి తరఫు లాయరు ధర్మవరంలో ఉన్నాడని, నేనూ యాంకరూ పోయి ఆయన మాటలు రికార్డు చేసుకు రావాలని చెప్పాడు. తను ఒంట్లో బాగాలేదని ఊళ్లోనే ఉంటానన్నాడు. బ్యాగులన్నీ మా భుజాలకే తగిలించాడు. ట్రైపాడ్ కూడా ఎందుకురా అంటే, లాయరును కదలకుండా తీయాలి కదా అన్నాడు. అధ్యక్షుడు స్వయంగా బస్సు దగ్గరికి వచ్చాడు. నాతో మాట్లాడని మనిషి ఆ రోజు టీ అంగడి ముందు నిలబడి నలుగురికీ వినబడేట్టు, "సినిమా అయిపాయ కదమ్మా, పోయిరాండి, మంచిది" అన్నాడు. బెంచీ మీద క్వారీ మనుషులు టీ తాగుతున్నారు. నాకు ఏదో తేడాగా అనిపించింది, కానీ అప్పటికే బస్సు కదిలింది.

ధర్మవరంలో లాయరు లేడు, ఆఫీసూ లేదు. యాంకర్ బస్టాండులో కూర్చుని ఫోను తప్ప నా ముఖం చూడదు. మధ్యాహ్నం దాటాక ఆ ఫోను మోగింది. విని లేచి నిలబడింది. "గోడ పడిందంట" అంది.

"ఏ గోడ?"

"మీ అవ్వది. పేల్చినారంట. షాట్ వచ్చిందంట." ఆపైన ఏడుస్తూ మొత్తం కక్కింది. మేము మోసుకొచ్చిన కెమెరా బ్యాగులో ఉన్నవి పాత బట్టలు, కెమెరా వాడి దగ్గరే ఉండిపోయింది. మేము బ్యాగులతో పోవడం క్వారీవాళ్లు చూడాలి, కెమెరా పోయిందనుకుని పేల్చాలి, వాడు చాటుగా తీయాలి. అదీ పథకం. "చెప్తే నువ్వు ఒప్పుకోవని చెప్పొద్దన్నారు" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. బస్టాండని కూడా చూడకుండా తిట్టినన్ని తిట్లు తిట్టాను. అయినా నా కసి తీరలేదు.

పెనుకొండ ఆసుపత్రిలో అవ్వ కాలికి కట్టుతో పడుకుని ఉంది. తుంటి దగ్గర ఎముక విరిగింది. వెనక గోడ మొత్తం లోపలికి పడిందట, వాకిలి పక్కన ఉండబట్టి ప్రాణం దక్కింది. నన్ను చూడగానే మేకలను ఎవరు కట్టేశారని అడిగింది. సైరన్ మోగితే ఎందుకు బయటికి రాలేదని అరిచాను.

"కెమెరా ఉండాది కదా. ఉత్తగనే కూస్తాండారనుకొంటి" అంది, అంతే.

డైరెక్టర్ నా ముందు నిలబడి తల్లి మీద ఒట్టేశాడు. తను బండల చాటున దూరంగా ఉన్నానని, కెమెరా గుట్ట వైపు తిప్పానని, అవ్వ ఇంట్లో ఉందని తెలియనే తెలియదని చెప్పాడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర ఆధారమూ లేదు.

ఆ షాట్ చూసి ఆఫీసర్లు వచ్చారు, నోటీసు ఇచ్చారు, క్వారీ కొన్నాళ్లు మూతపడింది. సమితి పెద్ద ఫ్లెక్సీ కట్టింది. ఒక పక్క కూలిన గోడ, ఒక పక్క దండం పెడుతూ అధ్యక్షుడు. ఇల్లు మళ్లీ కట్టిస్తామని మైకులో చెప్పారు. ఆ మాట ఆ మైకులోనే ఉండిపోయింది. అవ్వను హిందూపురం మా ఇంటికి తెచ్చుకున్నాం. మధ్యాహ్నమైతే చాలు, ఆమె మంచం మీద చెవులు రిక్కించి కూర్చునేది. మా వీధిలో ఏ సైరనూ లేదని చెప్పినా వినేది కాదు.

ప్రాజెక్టు ఇవ్వకపోతే డిగ్రీ రాదు. అందుకని పళ్లు బిగబట్టి సౌండ్ పనికి కూర్చున్నాను. డైరెక్టర్ ఎడిటింగ్ ముగించి, పేలుడు శబ్దం సన్నగా ఉంది, అసలు ఫైల్లోంచి తీసి పెంచమని కెమెరా మెమరీ కార్డు నా చేతికిచ్చాడు. ఆ కార్డులో ఏముందో వాడే మరిచిపోయి ఉంటాడు. లేకపోతే నా చేతికి ఎందుకిస్తాడు?

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫైలు మొదటి నుంచి ఆడించాను. కెమెరా గుట్ట వైపు లేదు. సరాసరి మా అవ్వ ఇంటి వైపే ఉంది. దూరంగానూ లేదు. సైరన్ మొదలైంది. అవ్వ మేకను పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కెమెరాను చూసి ఆగింది. "ఏమప్పా, నువ్వు ఈడనే ఉండావు కదా?" అని అడిగింది.

"ఉండాను అవ్వా. ఫ్రేమ్‌లోకొచ్చినావు. లోపలికి పో." వాడి గొంతే.

అవ్వ మేకను వదిలేసి లోపలికి పోయింది. నేను హెడ్‌ఫోన్లు తీసి, కార్డు సంచిలో వేసుకుని లేచాను.

ఇంటికి వచ్చి అవ్వను నిలదీశాను. "చెప్తే నువ్వు గమ్మునుంటావా? వాని గొంతు పిసుకుతావు, నీ చదువు పోతాది. అయిపోనీలే అనుకొంటి" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీదా కోపమొచ్చింది.

కాలేజీ హాల్లో సినిమా వేసే రోజు వచ్చింది. డైరెక్టర్ ఆ షాట్‌లో అవ్వ కనబడే ముక్క కోసేసి, ఖాళీ ఇంటిని మాత్రమే ఉంచి, వెనక ఏడుపు సంగీతం పెట్టాడు. చివరి కాపీ నా చేతుల మీదుగా పోవాలి. సంగీతం తీసేశాను. అసలు ఫైల్లో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు. ఆ పనికి నేను ఈరోజుకూ సిగ్గుపడను.

అవ్వను ఆటోలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. పక్క కుర్చీలో అధ్యక్షుడు శాలువా కప్పుకుని ఉన్నాడు. తెర మీద ఇల్లు వచ్చింది. ఎర్రమన్ను మెత్తిన గోడ, వాకిలి, పక్కన కానుగ చెట్టు. సైరన్ మోగింది. ఆ వెంటనే హాలంతా ఆమె గొంతు, వాడి గొంతు వినబడ్డాయి. అధ్యక్షుడు శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

డైరెక్టర్ పక్క నుంచి పరుగున వచ్చి అవ్వ ముందు మోకాళ్ల మీద నిలబడి రెండు చేతులూ జోడించాడు. తెరకు అడ్డంగా. తెర మీద ఇల్లు ఇంకా నిలబడే ఉంది.

అవ్వ చేతికర్రతో వాడి భుజాన్ని మెల్లగా పక్కకు నెట్టింది.

"ఫ్రేమ్‌లోకొచ్చినావప్పా, జరుగు. పడేలోగా మా ఇల్లు చూసుకోనీ."