వాచ్‌మన్ గది కుళాయి

గత వేసవిలో అశోక్ నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి, నీళ్ళ ట్యాంకర్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. దాని మీద మీటింగ్ పెడితే, వాచ్‌మన్ గదికి వెళ్ళే కుళాయి కనెక్షన్ తీసేద్దామన్నారు సెక్రటరీ గారు.

"ఆ ఒక్క గదిలో ఆరుగురు. జనం ఇలా పెరుగుతూ, అందరూ మాంసం తింటూ పోతే భూమ్మీద నీళ్ళెక్కడ మిగులుతాయండీ? ఒక్క కోడిని పెంచడానికి ఎన్ని నీళ్ళు కావాలో తెలుసా?"

వాచ్‌మన్ భార్య మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మనిషి. మెట్లు ఊడుస్తున్నదల్లా చీపురు పక్కన పెట్టింది.

"మేము నెలకొక్కసారి కోడికూర తింటం సార్. మీ అందరిండ్లల్ల తిని పడేసిన బొక్కలు రోజూ నేనే పారేస్తున్న. ఎవ్వరెంత తింటున్నరో నాకెర్కలేదా?"

నాకు సిగ్గేసింది. ఇంట్లో ఉండేది ముగ్గురమే అయినా, చిక్కడపల్లి మార్కెట్ నుంచి వారానికి నాలుగు రోజులు మాంసం తెచ్చుకునేవాళ్ళం.

లేచి నిలబడ్డాను. "భూమి గురించే అయితే ముందు మా ఇంటి కనెక్షన్ తీసేయండి. తర్వాత మీది. ఆ గది జోలికి మాత్రం వెళ్ళనివ్వను" అన్నాను.

ఆ మాట అక్కడితో ఆగిపోయింది, కుళాయి అలాగే ఉంది. మా ఇంట్లో మాంసం ఆదివారానికే పరిమితమైంది. మావారు నెల రోజులు సణిగారు. మొన్న లిఫ్టులో సెక్రటరీ గారు, "శాకాహారులైపోయారట?" అని నవ్వారు.

"లేదండీ, వారానికొకసారి తింటాను. మరి మీరో?" అన్నాను.

ఆయన లిఫ్టు బటన్ల వైపు తిరిగారు. నేను మాత్రం చూపు తిప్పుకోలేదు.