ఇంటర్ దాకానే చెప్పు

నేను బడికి వెళ్ళలేదు. మా నాయిన ఇంట్లోనే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు నేర్పాడు. పటాన్‌చెరు దగ్గరి మందుల కంపెనీకి ప్యాకింగ్ పని అడగడానికి వెళ్ళినప్పుడు సూపర్‌వైజర్ ఒక డబ్బా చేతికిచ్చి, మీదున్నది చదవమన్నాడు. చదివాను. మర్నాటి నుంచి రమ్మన్నాడు. పదకొండేళ్ళుగా వెళ్తూనే ఉన్నాను. దేవుడి దయ.

నా బిడ్డ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు. పాసయ్యాక ఏడాదిన్నర పాటు ల్యాబ్ ఉద్యోగాల కోసం ఈ చుట్టుపక్కల కంపెనీలన్నీ తిరిగింది. అందరూ అనుభవం అడిగారు. చివరికి మా ప్యాకింగ్ లైనులోనే మనుషులు కావాలన్నారు. ఇంటర్ చదివితే చాలు. అంతకు మించి చదివినవాళ్ళను మా లేబర్ కాంట్రాక్టర్ తీసుకోడు, మూణ్ణెల్లకే మానేస్తారని. అందుకని మా దగ్గర డిగ్రీ పిల్లలు ఇంటర్ మెమో ఒక్కటే పట్టుకొస్తారు. తక్కిన కాగితాలు బీరువాలో ఉంటాయి.

"అమ్మా, నేను ఇంటర్ అని చెప్త. నువ్వు జెర సప్పుడు జెయ్యకుండ నిలబడు," అంది నా బిడ్డ.

"ఇయాల మంగళారం. ఒక్కపొద్దు ఉన్న. అబద్ధమాడ."

"ఆడమంటున్ననా? మాట్లాడొద్దంటున్న."

అది సబబుగానే తోచింది. గేటు దగ్గర కాంట్రాక్టర్ మెమో చూశాడు. తర్వాత నన్ను చూసి, బిడ్డను అడిగాడు.

"ఏం చదివినవమ్మా?"

"ఇంటర్ సార్."

"ఇంటర్ పాసై ఇన్నేండ్లాయె. గిన్ని దినాలు ఏం జేసినవ్?"

"ఇంట్లనే ఉన్న సార్."

ఆయన నా వైపు తిరిగాడు. "అక్కా, మరి నిరుడు నేను తిన్న పేడాలు ఎవరియి?"

బిడ్డ పాసైన సంతోషంలో అమ్మవారి దగ్గర కొబ్బరికాయ కొట్టి, షిఫ్టు మొత్తానికి పేడాలు పంచాను. ఊరికే పంచలేదు. ఏం పాసైందో, ఏ క్లాసులో పాసైందో ఒక్కొక్కరికీ చెప్పి మరీ పంచాను. కాంట్రాక్టర్ రెండు తీసుకున్నాడు.

నా బిడ్డ అప్పుడు నన్ను చూసిన చూపు గురించి రాయను.

"దీనియే తమ్మీ," అన్నాను. "ఎమ్మెస్సీ పాసైనప్పటియి."

"మరి ఇంటర్ అంటదేంది?"

"ఇంటర్ గూడ చదివింది."

సెక్యూరిటీ ఆయన నవ్వాడు. కాంట్రాక్టర్ నవ్వలేదు. "మంచి నౌకరీ దొరికిందని మూణ్ణెల్లకు పోతది. పైవాళ్ళు నన్ను పరేషాన్ జేస్తరు."

"ఏడాదిన్నర సంది దొరకలే తమ్మీ. మూణ్ణెల్లల్ల యాడికెళ్ళి దొరుకుతది?"

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. బిడ్డ తల వంచుకుంది. కాంట్రాక్టర్ పెన్ను తీశాడు. నా మాటలో న్యాయం కనబడినట్టుంది, ఫారంలో ఆయనే ఇంటర్ అని రాసుకున్నాడు.

మర్నాడు బిడ్డను నా పక్కనే నిలబెట్టారు. మందు కాగితం ఎట్లా మడిచి డబ్బాలో పెట్టాలో నేను నేర్పాను. ఆ మందు ఎట్లా తయారవుతుందో అది నాకు చెప్పింది. అర్థం కాలేదు గానీ శ్రద్ధగా విన్నాను. చదువు ఎవరి దగ్గర విన్నా పుణ్యమే.

సాయంత్రం దీపం ముట్టించి, పని దొరికినందుకు దండం పెట్టుకుంటుంటే వెనక నుంచి బిడ్డ అంది: "జల్దీ ఆ పని ఇడిసి పోవాలని గూడ మొక్కు."

జోడించిన చేతులు దించకుండానే అది కూడా అడిగాను.