నాచారం కట్ట మీద వదినతో నడక

మా వదిన సుగుణకు షుగరొచ్చింది. రోజూ గంటసేపు నడవమని డాక్టరు చెబితే ఆమె హాల్లో బల్ల చుట్టూ తిరుగుతోందని అన్నయ్య ఫోన్ చేశాడు. నాచారంలో వాళ్ల ఇంటి వెనకే చెరువు కట్ట. దాని మీద కాలనీ సంఘం మొరం పోయించి, నడవడానికని మంచి బాట వేయించింది. కాలనీవాళ్లు ఒక్కరూ అటు పోరట. ఆ సంగతేమిటో చూద్దామని, తొంభైల మొదట్లో ఒక డిసెంబరు ఉదయం లాలాపేటలో ఐదున్నర బస్సెక్కాను.

పక్క సీట్లో టిఫిను డబ్బాతో ఒకామె కూర్చుంది. పేరు మల్లమ్మ. నాచారంలో సీసాల ఫ్యాక్టరీలో పని. కట్ట గురించి అడిగాను.

"మేం రోజు గా బాట మీదికెళ్లే పోతం అక్కా. నలుగురం ఉంటం. సలికి ముసుగులు కప్పుకొని పోతాంటే కాలనీలోళ్లు కిటికీలు మూస్తరు. ఎందుకో ఏమో."

ఆరు కాకముందే దిగాం. తర్వాతి బస్సులో వచ్చే తోటివాళ్ల కోసం ఆమె స్టాపులోనే ఆగింది. నేను అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన చక్కెర లేని చాయ్ ఇచ్చింది. కట్ట మాట ఎత్తగానే గొంతు తగ్గించింది.

"వద్దు లలితా. పొద్దుగాల ముసుగోళ్లు గుంపుగ తిరుగుతరు. మేడ మీదికెళ్లి నేనే సూసిన."

"వాళ్లలో ఒకామె ఇప్పుడే నాతో బస్సులో వచ్చింది వదినా. డ్యూటీకి పోతున్నారు" అన్నాను.

వదిన లేచి చెప్పులు తొడుక్కుంది.

ఆరున్నరకు కట్టెక్కాం. ఎక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పైకొచ్చాక వదిలేసింది. నీళ్ల మీద మంచు పొగలా లేస్తోంది. అవతల బండరాళ్ల గుట్ట ఎర్రబడుతోంది. వెలుతురు నీటిని తాకగానే వందల బాతులు ఒక్కసారిగా లేచి మా తలల మీదుగా తిరిగాయి. రెక్కల గాలి మొహానికి తగిలింది. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటున్న వదిన కళ్లు తుడుచుకుంది.

"ఇంటెనక ఇది పెట్టుకొని బల్ల సుట్టు తిరిగిన" అంది మెల్లగా.

ఇంతలో మల్లమ్మ వాళ్లు వచ్చారు. వదిన వాళ్లకు ఎదురెళ్లి, "నన్ను గూడ మీతోని రానిస్తరా?" అని అడిగింది.

మల్లమ్మ తడబడింది. "బాట మీ కాలనీదే గదమ్మా. అడిగితే మేమే అడగాలె."

తొమ్మిది గంటల బస్సులో తిరుగు ప్రయాణం. అప్పట్లో ఆ కట్ట చూడాలనుకునేవాళ్లు ఏడు లోపలే వెళ్లాల్సింది, తర్వాత బాతులు దూరంగా సర్దుకునేవి. వదినను నాలుగడుగులు నడిపిద్దామని వెళ్లినదాన్ని నేను. ఆమె వాళ్లతో మాట్లాడుకుంటూ ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లి, అంత దూరమూ ఒక్కతే నడిచి తిరిగొచ్చింది. నేనే సగంలో ఆగిపోయి, ఆమె వచ్చేదాకా నీళ్లను చూస్తూ కూర్చుండిపోయాను.