సెల్ఫు లేని లారీని నడిపిన మా పైడమ్మ పెద్దమ్మ

మొన్న శుక్రవారం ఉదయం దువ్వాడ కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటిస్తుండగా ఎర్రినాయుడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లారీ డ్రైవరుకు లైబ్రరీలో పనేముంటుంది? భుజం మీద తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ, "అమ్మా, అప్ప ఎల్లిపోనాది" అన్నాడు. ఏ అప్పో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. మల్కాపురంలో లారీ తోలేవాళ్ళందరికీ అప్ప, అంటే అక్క, ఒక్కతే.

కామెర్లు ముదిరాయని తెలుసు. అయినా ఇంత త్వరగా అనుకోలేదు. అంతకు ముందు ఆదివారమే చూసి వచ్చాను. మంచం మీద లేచి కూర్చుని, "పుస్తకాల దుమ్ము తిని తిని సిక్కిపోనావు గుంటా" అని నన్నే మందలించింది. ఆ కంఠం మూగబోయిందంటే నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. సంతాప సభలో నాలుగు మాటలు చెప్పమంటే లేచి నిలబడి, చెప్పలేక కూర్చున్నాను. అక్కడ పలకని మాటలే ఇక్కడ రాస్తున్నాను.

పైడమ్మ మా అమ్మకు అక్క. తగరపువలస దగ్గర పల్లెలో, వరీ చోడీ పండించుకునే ఇంట్లో పుట్టింది. పెదనాన్న లారీ డ్రైవరు. పిల్లలు లేరు. ఒంటరిగా ఇంట్లో ఎందుకని ఆయనతో పాటు క్లీనరుగా లారీ ఎక్కింది. టైర్లు మార్చడం, తాళ్ళు బిగించడం, ఇంజను మూలుగు విని జబ్బు చెప్పడం అన్నీ అలా నేర్చుకున్నవే. ఆయన చూపు మందగించాక స్టీరింగ్ ఆమె చేతికి వచ్చింది. ఆయన పక్కన కూర్చుని దారి చెప్పేవాడు. చివరికి ఆమే ఆయనకు దారి చెప్పేది.

లైసెన్సు పరీక్షనాడు ఆఫీసరు ఆమె చేత రెండు డ్రమ్ముల మధ్య నుంచి లారీని మూడుసార్లు రివర్సు చేయించాడట. మగవాళ్ళ చేత ఒక్కసారే. దిగి వచ్చి, "నాలుగోసారి కూడా సేత్తాను బాబూ, సూడ్డం మీకు సరదాగా ఉంటే" అందట. ఆయన నవ్వేసి సంతకం పెట్టాడు.

పెదనాన్న పోయాక కూడా అదే ఓనరు దగ్గర అదే లారీ నడిపింది. పోర్టులో దిగిన ఎరువు బస్తాలు గోదాములకు, తర్వాత రోజుల్లో ఇనుప సామాను ఉక్కు కర్మాగారం కడుతున్న చోటికి. అప్పుడే ఎర్రినాయుడు కొత్తగా పనిలో చేరాడు. అతనికి పోర్టు దారులూ, మలుపులూ, ఏ వాచ్‌మన్ ఎలాంటివాడో అంతా నేర్పింది పెద్దమ్మే. ఒకరోజు టీ తాగుతూ అతను మాటవరసకు తన బత్తా ఎంతో చెప్పాడు. ట్రిప్పుకు పెద్దమ్మకు వచ్చేదానికి సరిగ్గా రెట్టింపు.

ఆమె అరవలేదు. టీ పూర్తిగా తాగింది. గ్లాసు కడిగి ఇచ్చింది. నేరుగా ఓనరు దగ్గరికి నడిచింది.

"ఆడు పెళ్ళాం పిల్లలున్నోడు పైడమ్మా. నీకెవలున్నారు?" అన్నాడు ఓనరు.

"నడిపినోడికి పిల్లలున్నారో నేదో లారీకేటి తెలుస్తది బాబూ? దానికి తెలిసింది బరువొక్కటే."

"ఆడదానికి స్టీరింగిచ్చినాను. అది సాలదేటి?"

"ఇచ్చినారు. సక్రాలు కూడా సగమే ఇచ్చినారా?"

అప్పుడు ఓనరు అసలు సంగతి బయటపెట్టాడు. పోర్టు గేటు పాసు మీద నువ్వు డ్రైవరువి కావు, కావాలంటే చదివించుకో అన్నాడు.

ఆ సాయంత్రమే పాసు తెచ్చి నా ముందు పెట్టింది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. డ్రైవరు అన్నచోట ఓనరు మేనల్లుడి పేరుంది. అతను ఆ లారీ ఎక్కగా ఎవరూ చూడలేదు. కింద క్లీనరు అన్నచోట ఉంది మా పెద్దమ్మ పేరు. పైకి చదవడానికి నాకు నోరు రాలేదు. అక్షరాలు అలుక్కుపోయాయని అబద్ధం చెబుదామనుకున్నాను. నా ముఖం చూసి ఆమే అంది:

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు సదూతావు గదా. ఇదీ అలగే సదువు."

చదివాను. పెద్దమ్మ పాసు తీసుకుని మడిచింది. తర్వాత, "అయితే ఇన్నాళ్ళూ ఆ లారీని ఎవలూ నడపనేదన్నమాట" అంది. ఆ మాట ఆ రోజే నా డైరీలో రాసుకున్నాను.

మర్నాడు ఓనరుతో రెండే కోరికలు చెప్పింది. పాసు మీద డ్రైవరు అని రాయాలి. డ్రైవరు బత్తా ఇవ్వాలి.

ఆ మర్నాటికి ఆమె లారీ ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆమెకు షెడ్డు వెనక పడివున్న పాత లారీ ఇచ్చారు. దానికి సెల్ఫు లేదు. తాళం తిప్పితే ఇంజను అందుకోదు, వెనక నుంచి నలుగురు తొయ్యాలి. తోసిన డ్రైవరుకు గేటు దగ్గర సీరియల్ తీసేస్తామని, అంటే లైన్లో చివరికి పంపిస్తామని, ఆ లైను చూసే ఓనరు గుమస్తా అందరికీ చెప్పి ఉంచాడు. సీరియల్ పోతే ట్రిప్పు పోతుంది, ట్రిప్పు పోతే ఆ పూట పోతుంది. మగవాళ్ళందరూ చూపులు తిప్పేసుకున్నారు. వాళ్ళను తప్పుపట్టి ఆమె ఎన్నడూ ఒక్కమాట అనలేదు.

పెద్దమ్మ లారీని రోజూ మల్కాపురంలో ఏటవాలు చూసి నిలిపేది. పొద్దున్నే బ్రేకు వదిలితే అది దొర్లుతూ దొర్లుతూ అందుకునేది. కానీ పోర్టు గేటు దగ్గర నేల చదును. తనిఖీకి ఇంజను ఆపి తీరాలి. ఆపితే అంతే. వెనకవాళ్ళు హారన్లు మోగించి పక్కనుంచి దాటిపోయేవారు. రోజుకు మూడు ట్రిప్పులు ఒకటయ్యాయి, తర్వాత అదీ లేదు. గుమస్తా వచ్చి, "ఆ మాట ఎనక్కి తీసుకో. నీ లారీ నీకొచ్చేత్తది" అన్నాడు.

"మూడు రివర్సులు సేసి లైసెన్సు తెచ్చుకున్నాను బాబూ. ఈ మాటకి మాత్రం రివర్సు నేదు."

బడికి సెలవైన ఒక రోజు ఆమెకు అన్నం కేరేజీ పట్టుకెళ్ళాను. లారీ గేటు ముందు ఆగిపోయి ఉంది. పెద్దమ్మ స్టీరింగ్ ముందే కూర్చుంది, దిగలేదు. గేటు దగ్గర రాలిన ఎరువు ఊడ్చే ఆడవాళ్ళు పదిమంది దాకా చూస్తున్నారు. వాళ్ళలో లచ్చమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని గట్టిగా అంది:

"ఓలమ్మా, మగోళ్ళకి సీరియలు పోతాదని బయ్యం. మనకేటున్నాదే తీసెయ్యడానికి? సీపుర్లా?"

అందరూ పకపకా నవ్వారు. చీపుళ్ళు పక్కన పడేశారు. ఎరువు దుమ్ము పట్టిన చేతులు లారీ వెనక బల్లకు ఆనించారు. "తొయ్యండే, బేగి!" అంటూ లచ్చమ్మ కేక. లారీ కదిలింది, దగ్గింది, ఒక్కసారి గర్జించి అందుకుంది. నేను మాత్రం కేరేజీ పట్టుకుని గోడవారగా నిలబడి చూశాను. సిగ్గు.

వాళ్ళు రోజూ తోశారు. నాలుగో రోజున ఎర్రినాయుడు తన లారీ దిగి వచ్చాడు. "ఒరే, నీ సీరియలు పోద్దిరా" అని పెద్దమ్మే కసిరింది. "పోనీ అప్పా. దారి సూపించినదానివి, నీ ఎనకుంటే నాకేటి నామోషీ?" అన్నాడు. అతని సీరియల్ పోయింది. మర్నాడు ఆరుగురు దిగారు. ఆపై రోజు లైనంతా దిగింది. అందరి సీరియలూ తీసేస్తే ఓడ సరుకు మోసేదెవరు? ఆ వారమే కొత్త పాసు వచ్చింది.

దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. "మళ్ళీ సదువు" అంది. డ్రైవరు: పైడమ్మ. కింద క్లీనరు అన్నచోట ఖాళీ. బత్తా కూడా అందరితో సమానమైంది. వెనకటి సంవత్సరాలది మాత్రం రాలేదు. అది అన్యాయమేనని చివరిదాకా అంటూనే ఉంది.

ఆమె చదువు నేర్చుకోలేదు. నేర్పబోతే విసుక్కునేది. కానీ "డ్రైవరు" అన్న ఒక్క మాటను ఎక్కడున్నా గుర్తుపట్టేది. ఒకసారి పేపరు మీద వేలు పెట్టి, "మా మాటుంది సూడు, ఏటి రాసినారు?" అని మురిసిపోయింది. ప్రమాదం చేసి డ్రైవరు పరారీ అని చదివాను. "దరిద్రుడు, పేరు సెడగొట్టినాడు" అని పేపరు మడిచి నా ఒళ్ళో పడేసింది.

ధైర్యమంటే మహాకార్యాలలోనే ఉంటుందని పుస్తకాలు చదివి అనుకునేదాన్ని. చదునైన నేల మీద ఆగిపోయిన లారీలో దిగకుండా కూర్చోవడం కూడా ధైర్యమేనని ఆమెను చూశాకే తెలిసింది. ఆమె మా ఇంటి మనిషి కావడం నా జీవితంలో నేను సంపాదించకుండానే దక్కిన గౌరవం. ఆ స్టీరింగ్ ముందు రేపు ఇంకెవరో కూర్చుంటారు. ఆమె చోటు మాత్రం ఖాళీగానే ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెను, జబ్బుపడేదాకా ఆమె నడిపిన లారీలోనే పడుకోబెట్టారు. ఇది కొత్త లారీ, సెల్ఫు బాగానే పనిచేస్తుంది. ఎర్రినాయుడు ఎక్కి తాళం తిప్పబోయాడు. నెరిసిన జుట్టుతో లచ్చమ్మ అడ్డొచ్చి, "ఆగు నాయినా. అప్ప బండికి మేమున్నాం" అంది. ముందు ఊడ్చే ఆడవాళ్ళు చేతులు ఆనించారు. తర్వాత డ్రైవర్లు. గోడవారగా నిలబడిన నేను కూడా ఈసారి వెళ్ళి భుజం ఆనించాను.

శ్మశానం దాకా ఆ లారీ ఇంజను మోగలేదు. ఎక్కడా ఆగలేదు.