పల్లెవెలుగు బస్సులో నాలుగు టైర్లు

జూలూరుపాడు నుంచి ఖమ్మం వెళ్లి కారు టైర్లు కొనుక్కోవాలనుకునేవారికి ముందే ఒక మాట చెబుతాను. కారును కూడా వెంట తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు.

నాకు జూలూరుపాడులో ఒక జిరాక్సు దుకాణం, పదిహేనేళ్ల వయసున్న ఒక చిన్న కారు ఉన్నాయి. దుకాణంలో వచ్చిందాంట్లో సగం కారే తింటుంది. దాన్ని కొత్తగూడెంలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నాను. ఇంజను శబ్దం వినలేదు, డిక్కీ తెరవలేదు. తళతళలాడే అల్లాయ్ చక్రాలు చూసి అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను. ప్రతి ఆదివారం చర్చికి బయలుదేరే ముందు ఆ చక్రాలను పాత బనీనుతో తుడవడం నాకు అలవాటు. అలా తుడుస్తుంటేనే ఒకరోజు ముందు టైరులోంచి ఇనుప తీగ బయటికి కనబడింది. మిగతా మూడూ చేత్తో రాస్తే గాజుపలకలా నున్నగా తగిలాయి.

సరిగ్గా ఆ వారంలోనే మా అత్తమ్మ మార్తమ్మకు భద్రాచలంలో కంటి ఆపరేషన్ ఉంది. ఆమె పినపాక దగ్గర పల్లెలో చిన్న కొడుకు ఇంట్లో ఉంటుంది. రెండు కళ్లకూ శుక్లాలు. ఒక కన్ను దాదాపు పోయింది, ఇంకోదాంట్లో అంతా పొగమంచు. ఇంతకు ముందు ఆస్పత్రివాళ్లు పిలిచినప్పుడల్లా భయపడి మానేసింది. ఈసారి మాత్రం, "అల్లుడి కారుల అయితే వస్త" అని ఒప్పుకుంది. ఆ కారు గురించి ఆమెకు అంత గొప్పగా చెప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఈసారి తప్పితే ఆమె మళ్లీ ఒప్పుకుంటుందన్న నమ్మకం మాకెవరికీ లేదు.

మా ఆవిడ సలోమి టైర్లు చూసి, "గీ టైర్ల మీద మా అమ్మను ఎక్కించేది లేదు. కన్ను లేకున్నా మనిషి ఉంటది" అంది.

రెండు రోజుల పాటు నేను జిరాక్సులు తగ్గించి టైర్ల వీడియోలు చూశాను. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయనీ, మొదటి రెండూ తయారైన వారమనీ, చివరి రెండూ సంవత్సరమనీ తెలుసుకున్నాను. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సుకు వచ్చినవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి పంపాను. కొత్తగూడెం దగ్గరే అయినా ఖమ్మంలో రకాలు ఎక్కువ, బేరం కుదురుతుంది అని పక్క కిరాణా కొట్టాయన అన్నాడు. ఆయనకు సైకిలు తప్ప మరో బండి లేదన్నది అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

తీగ తేలిన టైరుతో ఖమ్మం దాకా కారులో వెళ్లడం ప్రమాదం కాబట్టి బస్సులో వెళ్లి టైర్లు తెచ్చి, మా ఊళ్లోనే ఎక్కించాలన్నది నా పథకం. సైజు కావాలి కదా. కింది టైర్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. డిక్కీలో స్టెప్నీ మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉంది. దాని ఫోటో తీసుకుని ఉదయం ఆరున్నర బస్సెక్కాను.

నా పక్కన చండ్రుగొండ రైతు కూర్చున్నాడు. మిర్చి రేటు కనుక్కోవడానికి మార్కెట్‌కు పోతున్నాడు.

"ఏం పని మీద పోతున్నరు సారూ?"

"కారుకు టైర్లు కొందామని."

"మరి కారేది?"

"ఇంటికాడ ఉంది."

ఏన్కూరు వచ్చేదాకా ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "అంటే కాళ్లు ఇంట్ల పెట్టి చెప్పులు కొనను పోతున్నరన్నట్టు" అన్నాడు. నేను కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాను.

తల్లాడ, వైరా దాటి తొమ్మిది దాటాక ఖమ్మంలో దిగాను. బస్టాండు బయట ఇడ్లీ తిని, ఆటోలో టైర్ల దుకాణానికి వెళ్లాను. కౌంటర్లో కళ్లద్దాల ఆవిడ కూర్చుని ఉంది. ఫోటో చూసి మూడు రకాలు చూపించింది. ఒకటి పేరున్న కంపెనీది, చేత్తో తాకి వదిలేశాను. రెండోది మధ్యరకం. మూడోది బాగా చవక. నేను వంగి నాలుగంకెలు చదివి, కేసు తేల్చిన ఇన్‌స్పెక్టరులా లేచి నిలబడ్డాను.

"ఇది మూడేళ్ల కిందటిదమ్మా."

"అవ్ సార్, అందుకే తక్కువకు ఇస్తున్నం" అందావిడ, ఫోను చూసుకుంటూ.

మధ్యరకమే తీసుకున్నాను. నాలుగూ కలిపి పన్నెండు వేలలోపు వచ్చాయి. తిరుగు ఛార్జీలు పోను నా జేబులో ఉన్నదీ అంతే. ఆవిడ బిల్లు రాస్తూ, "బండి తెస్తే ఇక్కడనే ఎక్కిచ్చి ఇస్తం సార్, దానికి పైసలు తీసుకోం" అంది. "సైజు నాకు తెలుసు లేమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది.

తిరుగు బస్సులో కండక్టరమ్మ నాలుగు టైర్లనూ, నన్నూ మార్చి మార్చి చూసింది. "గిది లగేజీ కాదన్నా, సగం బండి" అని లగేజీ టిక్కెట్టు కొట్టింది. టైర్లు వెనక సీటు ముందు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. వైరాలో జనం ఎక్కారు. ఒక పెద్దావిడ నన్ను అడగకుండానే వాటి మీద కూర్చుని ఏన్కూరులో దిగింది. దిగుతూ, "సీటు కన్న ఇదే నయం నాయనా" అంది. ఆ టైర్ల వల్ల ఆ రోజు సుఖపడింది ఆమె ఒక్కతే.

మా ఊళ్లో పంక్చర్ల యాకూబ్ టైరును చక్రం పక్కన పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"అన్నా, నీ చక్రం పదమూడు. నువ్వు తెచ్చింది పన్నెండు."

అప్పుడు అర్థమైంది. కారుకు కంపెనీ ఇచ్చినవి పన్నెండంగుళాల ఇనుప చక్రాలు. కాంట్రాక్టరు వాటిని తీయించి పదమూడంగుళాల అల్లాయ్‌లు వేయించుకుని, స్టెప్నీని మాత్రం పాతదే ఉంచేశాడు. ఇన్నేళ్లూ నేను వేరే సైజు స్టెప్నీ పెట్టుకుని ధీమాగా తిరిగాను.

ఖమ్మం దుకాణానికి ఫోన్ చేశాను. మార్చి ఇస్తాం కానీ, పదమూడు సైజయితే ఒక్కో టైరు మీద ఇంకో వెయ్యి పైనే పడుతుందని ఆవిడ చెప్పింది. ఆ డబ్బు లేదు. ఉన్న డబ్బుకు రెండే మార్చి, నున్నటివాటిలో రెండు ఉంచేద్దామా అని పైకే అన్నాను. సలోమి స్టెప్నీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"యాకూబన్నా, ఈ చక్రం మన కారుకు పడతదా?"

యాకూబ్ బిగించి చూశాడు. "బోల్టులు కరెక్టుగ కూసున్నయి వదినా."

"అయితే గిసొంటి చక్రాలే ఇంకో నాలుగు తెస్తే అయిపాయె. ఆ మెరిసేటియి ఇచ్చేసి తెద్దాం."

నేను అల్లాయ్ చక్రాల బలం గురించి, గాలి ఆడడం గురించి వీడియోలో విన్నదంతా చెప్పాను. ఆమె పూర్తిగా విని, "మా అమ్మకు అవి కనబడయి కూడా" అంది.

మర్నాడు కొత్త టైర్లు వెనక సీట్లో వేసుకుని, పాత టైర్ల మీద మెల్లగా కొత్తగూడెం వెళ్లాం. సలోమి నా పక్కనే కూర్చుంది. కళ్లు మూసుకుని ఉంది. ప్రార్థన అని నాకు తెలుసు, అడగలేదు. పాత సామాన్ల దుకాణాయన నా అల్లాయ్‌లను చూడగానే కుర్చీలోంచి లేచాడు. నల్లటి ఇనుప చక్రాలు నాలుగు ఇచ్చాడు. పైన డబ్బు ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. టైర్లు ఎక్కించి, గాలి కొట్టి, అలైన్‌మెంటు చేయించేసరికి మధ్యాహ్నం దాటింది. నా చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. బయలుదేరాక అద్దంలో రెండుసార్లు వాటిని చూసుకున్నాను. కారు మాత్రం ఎన్నడూ లేనంత మెత్తగా పోయింది. ఆ సంగతి సలోమితో అనలేదు.

ఆపరేషన్ రోజు ఉదయం ఐదింటికి బయలుదేరాం. పాల్వంచ, సారపాక, అశ్వాపురం, మణుగూరు మీదుగా ఎనిమిదిన్నరకు పినపాక చేరాం. అత్తమ్మ ఉతికిన తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. కారు తలుపు తడిమి ఎక్కి కూర్చుంది. "మెత్తగుంది అల్లుడా" అంది. పన్నెండులోపు ఆస్పత్రిలో ఉండాలి.

మణుగూరు ఇంకా రాకముందే, రెండు పక్కలా అడవి ఉన్న చోట, వెనక టైరు కూర్చుండిపోయింది. కొత్త టైరు. బొటనవేలంత మేకు దిగి ఉంది. ఇది ఏ వీడియోలోనూ లేదు. స్టెప్నీ, జాకీ బయటికి తీశాను కానీ బోల్టు కదల్లేదు. కొత్తగూడెంలో మిషనుతో బిగించారు. నేను పానాకు వేలాడినా రాలేదు.

ఎండ ముదురుతోంది. ఇప్పపువ్వు ఏరుకుని గంపలతో వస్తున్న భార్యాభర్తలు ఆగారు. ఆమె అత్తమ్మను కోయ భాషలో పలకరించింది. అత్తమ్మ ఆ భాషలోనే ఏదో చెప్పి కన్ను చూపించింది. ఆమె గంప దించి అత్తమ్మను చెట్టు నీడలోకి నడిపించుకెళ్లింది. భర్త నన్ను పక్కకు జరగమని, పానా మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడు. బోల్టు కీచుమని కదిలింది. అలా నాలుగూ వదులు చేసి, స్టెప్నీ ఎక్కించి బిగించాక, "జల్దీ పోండి, దవాఖానకు ఆలస్యమైతది" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు, తాగమని నీళ్ల సీసా ఇస్తే మాత్రం తీసుకున్నాడు.

ఆ స్టెప్నీ సైజు సరిగ్గానే ఉంది. వయసే కారంత ఉంది. అందుకే ముప్పైకి మించి పోలేదు. ఒక ట్రాక్టరు కూడా హారను కొట్టి మమ్మల్ని దాటింది. మణుగూరులో పంక్చరు వేయించి మళ్లీ కొత్తదే ఎక్కించాక కాస్త ధైర్యం వచ్చింది. గోదావరి వంతెన దాటి ఆస్పత్రి గేట్లోకి వెళ్లేసరికి లోపల నర్సు అత్తమ్మ పేరే పిలుస్తోంది. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భయమైతుంది అల్లుడా" అంది. నాకూ అయింది. సలోమి ఆ చెయ్యి నా దగ్గర నుంచి తీసుకుని లోపలికి నడిపించింది.

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో ఒక గది తీసుకున్నాం. ఫ్యాను తిరిగింది, నీళ్లు వచ్చాయి, అంతకన్నా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పొద్దున డాక్టరు ఆపరేషన్ చేసిన కంటి కట్టు విప్పి, "ఏం కనబడుతుందమ్మా?" అని అడిగితే, అత్తమ్మ చాలాసేపు సలోమి ముఖం చూసి, "బిడ్డ చిక్కిపోయింది" అంది.

రెండో కంటికి తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆమెను మందుల కోసం కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉంచుకుందామని జూలూరుపాడు దారి పట్టాం. మొత్తం మీద బస్సులకు, ఆటోలకు, లగేజీకి అయింది లెక్కేస్తే, కొత్తగూడెంలోనే కొని ఉంటే డబ్బు మిగిలేది, పరువూ కొంత మిగిలేది. అయినా ఇనుప చక్రాల మీద, మధ్యరకం టైర్ల మీద ఆ కారు అడవి దారిలో ఒక మనిషిని చీకట్లోంచి వెలుతురులోకి తీసుకెళ్లి, తిరిగి తీసుకొచ్చింది. అంతకన్నా ఏం కావాలి అనిపించింది. ఆ మాట పైకి అనేలోపే పాల్వంచ దాటాక టీ కొట్టు వచ్చింది.

అత్తమ్మ నల్లద్దాలు పెట్టుకుని దిగింది. కారు ముందు నిలబడి చూసింది. ఒక చుట్టు తిరిగింది.

"అల్లుడా, మన కారు ఇదేనా?"

"అవ్ అత్తమ్మా."

"ఊళ్లె అందరికి పెద్ద కారని చెప్పిన."

సలోమి టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. అత్తమ్మ నా ముఖం చూసింది. ఆమె నన్ను స్పష్టంగా చూసి ఎన్నేళ్లయిందో. నెమ్మదిగా నా భుజం తట్టి, "పోనియ్ తియ్" అంది. "రెండో కన్ను అయ్యేదాక పెద్దదనే చెప్త."