ఆయ్ అన్నందుకు

దూరాన ఒక నగరంలో, ఒక ల్యాబులో, నాలుగేళ్లు ఒకే పని చేశాను. నీళ్లంటే బొత్తిగా పడని ఒక పాలిమర్‌ని నీళ్లలో కలపడం. అతినీలలోహిత దీపం పెడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. దాన్ని నానో కణాలుగా చేసి నీళ్లలో నిలబెడితే, ఆ వెలుగులో మన ఒంట్లోని జీవకణాల లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. నిలబడితేగా. రెండో రోజుకల్లా ఉండకట్టి అడుక్కి చేరేది.

దారి మా అమ్మ దగ్గర దొరికింది. అమ్మ రాగిపిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోసి, గరిటె ఆపకుండా తిప్పుతుంది. నేనూ చుక్కలు చుక్కలుగా వేయడం మానేసి, కరిగించిన పాలిమర్‌ని యంత్రం మీద అదురుతున్న నీళ్లలోకి ఒక్క ఊపులో వదిలాను. నెల గడిచినా సీసాలో తేటగా ఉంది. నోటుబుక్కులో "జావ పద్ధతి" అని రాసుకుంటే మా గైడు గారు చూసి ముచ్చటపడ్డారు. మాది రాజోలు, ఆయనది కొత్తపేట. మనవైపు మనిషని నెత్తిన పెట్టుకున్నాను.

జ్వరమొచ్చి ఇంటికెళ్లిన వారంలో ఆయన ఫోన్ చేశారు. నాకంటే ముందు చేరిన విద్యార్థికి పేపరు లేక డిగ్రీ ఆగిపోయిందట. నా పనిని పేపరుగా రాసి అతని పేరు మీద పత్రికకి పంపితే బాగుంటుందట, నాకు ఇంకోటి చూద్దామట. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఉలుకూ పలుకూ లేకుండా వినడం మా వైపు అమర్యాద. మాటమాటకీ "ఆయ్, ఆయ్" అన్నాను. జ్వరం తగ్గాక ఎదురుగా కూర్చుని కుదరదని చెబుదామనుకున్నాను.

నేను వెళ్లేసరికి పేపరు వెళ్లిపోయింది. జావ పద్ధతి అంతా అందులో ఉంది. నా పేరు ఎక్కడా లేదు.

"నువ్వు ఆయ్ అన్నావు కదమ్మా," అన్నారాయన.

"వింటున్నానని అన్నానండీ. మీదీ మా పక్కే కదండీ, మీకు తెలీదా అండీ?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. తెలుసు. డైరెక్టరు గారి ముందు గంటకి ఇరవైసార్లు ఆయ్ అని, బయటికొచ్చి అందులో ఒక్కటీ చేయని మనిషాయన. పరాయివాడు మోసం చేస్తే నాకింత మండేది కాదు. మా మాటతోనే నన్ను కట్టేశాడు.

అప్పట్నుంచి ఫోన్లో ఎవరికీ ఆయ్ అనడం లేదు. నిన్న అమ్మ ఏదో చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఏమ్మా, లైన్లో ఉన్నావా?"

ఆయ్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వింటున్నానమ్మా," అన్నాను. మా ఇంట్లో ఎవరూ అంత పొడుగ్గా చెప్పరు.