అత్త మంచం కింది బ్యాటరీలు

లోల్వే సరస్సులోని ఆ దీవిలో వెన్నెల లేని రాత్రులే జాలర్లకు పంట. నీళ్లమీద దీపాలు వదిలితే ఒమెనా చేపలు గుంపులుగా వచ్చి వెలుతురు చుట్టూ మూగుతాయి. వెనకటి కిరోసిన్ దీపాలు పోయి ఇప్పుడన్నీ బ్యాటరీ దీపాలే అయ్యాయి. తెల్లవారి ఒడ్డుకు చేరిన జాలర్లు బ్యాటరీలను అపొండికి అప్పజెప్పి నిద్రకు పోయేవారు. సాయంత్రం వాళ్లు లేచేసరికి ఆమె వాటిని నిండుగా చార్జ్ చేసి ఉంచేది.

అపొండి భర్త ఓడెనిని ఆ సరస్సే మింగింది. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు ఉయోమా నుంచి పడవ వేసుకుని వచ్చి మరీ పిలిచినా ఆమె కదలలేదు. పక్కింట్లో తుంటి విరిగి మంచాన పడ్డ అత్త అగుటు ఉంది. చూపు కూడా మందగించింది. నోరు మాత్రం నిక్షేపంగా ఉండేది.

సోలార్ పలకలు అత్త ఇంటి రేకుల మీద ఉండడంతో బ్యాటరీలూ అక్కడికే చేరాయి. వాన తగలదు, దొంగల కన్ను పడదు అని అపొండి వాటిని ముసలామె మంచం కింద ఒకదానికొకటి ఆనించి పేర్చేది.

"నేనేమైనా కోడిపెట్టనా, గుడ్లు పెట్టినట్టు కింద పెడతావు?" అనేది అగుటు.

"పొదుగు అత్తా, పిల్లలైతే ఇద్దరం పంచుకుందాం."

ఆ గదిలో మేకుకు ఓడెని కోటు వేలాడుతుండేది. ఊడ్చే వంకతో అపొండి రోజూ కాసేపు దానిలో మొహం దాచుకునేది. అత్తకు కనబడదులే అని ఆమె ధీమా.

వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం ఒబుయా వచ్చాడు. ఓడెనితో కలిసి ఒకే పడవ మీద వేటకెళ్లినవాడు. అతను తెచ్చిన బ్యాటరీ పెట్టె అంచు పగిలి, ఒక పక్క ఉబ్బి ఉంది.

"ఇదేంటి ఒబుయా, నీళ్లు తాగిన దూడ పొట్టలా? ఎక్కడ పడేశావు?"

"నేనెందుకు పడేస్తాను వదినా! అది పుట్టుకే అంత."

"అబద్ధమాడితే నీ వలకి నాచు తప్ప ఏమీ పడదు."

"సరేలే, రాళ్లమీద జారింది. చార్జర్ కూడా తడిసి చచ్చింది. నువ్వే ఏదో ఒకటి తగిలించు. చీకటి రాత్రులు అయిపోవస్తున్నాయి, పడవ ఖాళీగా కూర్చుంటే ఎలా?"

వద్దందామనే అనుకుంది. అలసిపోయిన అతని మొహం చూశాక బ్యాటరీ అందుకుంది. వేరే దీపం తాలూకు చార్జర్ పిన్ను సరిగ్గా దూరితే అదే తగిలించి, చేపలు ఆరబెట్టడానికి ఒడ్డుకు వెళ్లింది.

వలలమీద పరిచిన ఒమెనాను తిరగేస్తుండగా అత్త కేక వినబడింది.

"అమ్మాయీ! ఏదో కుళ్లిన అనాసపండు వాసన! మంచం కింద పాము బుస కూడా వస్తోంది!"

అపొండి పరుగెత్తింది. మంచం కింద నుంచి తెల్లటి పొగ చిమ్ముతోంది. బ్యాటరీలన్నీ ఊరివాళ్ల బతుకుతెరువు. చేయి ఆ వైపే పోయింది. అంతలో అగుటు దగ్గింది. అపొండి ఇక కిందికి చూడలేదు. అత్తను వీపున వేసుకుని గడప దాటింది. వెనక ఒకటి పేలింది, ఆ తర్వాత ఇంకొకటి. పరుపు భగ్గుమంది.

జనం నీళ్లబిందెలతో వచ్చారు. "లోపలికి పోకండి! ఆ పొగ విషం!" అని అపొండి చేతులు అడ్డంపెట్టి అరిచింది. బయటి నుంచే నీళ్లు కొట్టి పక్కిళ్లను కాపాడుకున్నారు. ఆ ఇల్లు మాత్రం దక్కలేదు.

ఒబుయా తల వంచుకుని కూర్చున్నాడు. "తప్పు నాది వదినా" అన్నాడు. "ఉబ్బింది కళ్లతో చూసి కూడా పెట్టాను. సగం నాదే" అంది అపొండి. అప్పుడు గుర్తొచ్చింది, కోటు. ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అగుటు తడుముకుంటూ చేయి చాచి కోడలి తల ఒళ్లోకి లాక్కుంది.

"కోటు కోసమేగా?"

అపొండి ఉలిక్కిపడింది. "నీకెలా తెలుసు?"

"కళ్లు పోయాయి గానీ చెవులున్నాయే. రోజూ ముక్కు ఎగబీల్చేదానివి. పిచ్చిదానా, వాడి వాసన దాంట్లోంచి ఎప్పుడో పోయింది. నాకంటే బాగా వాసన పట్టేదెవరు? నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"నాకూ తెలుసత్తా" అంది అపొండి. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు.

ఊరంతా కలిసి అగుటుకు కొత్త ఇల్లు కట్టింది. బ్యాటరీలకు వేరుగా, ఇళ్లకు దూరంగా, రాతిగోడలతో రేకుల కప్పుతో ఒక చిన్న కొట్టం లేచింది. గాలి ఆడేలా పైన సందులు, కింద ఇసుక. గడ్డి, గుడ్డ, వల దాని దరిదాపుల్లో ఉండకూడదు. అపొండి ప్రతి బ్యాటరీని తుడిచి, నీడలో చల్లబరిచి, ఎడం ఎడంగా పెట్టి, దాని చార్జరే దానికి తగిలించేది. పని నడుస్తున్నంతసేపూ అక్కడినుంచి కదిలేది కాదు. నిండగానే వైరు తీసేది. దెబ్బతిన్నదాన్ని ఎవరు ఎంత బతిమాలినా ముట్టేది కాదు.

"మరీ పెళ్లికూతురిని చూసినట్టు చూస్తున్నావు" అని జాలర్లు ఎగతాళి చేసేవారు. ఈసారి జవాబు ఒబుయా చెప్పేవాడు. "నోరు మూసుకుని పగుళ్లు లేనిది తెచ్చుకోండ్రా."

మరుసటి ఏడు ఎదుటి దీవి ఆడవాళ్లు కబురు పంపారు, తమ రేవులోనూ అలాంటి కొట్టం కట్టించి పెట్టమని. అపొండి పడవ ఎక్కబోతుంటే వెనక నుంచి, ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టిన అగుటు గొంతు.

"ముసలిదాన్ని వదిలేసి షికారుకా?"

"పనికెళ్తున్నానత్తా. అలలు ఎక్కువగా ఉన్నాయి."

"కొడుకు పోయాక నేను మళ్లీ ఆ నీళ్లు ముట్టలేదు. నీ పక్కనైతే వస్తాను."

అపొండి పడవలో చోటు చేసింది. ఒబుయా మరొకరి సాయంతో కుర్చీతో సహా ముసలామెను పడవలో దించాడు. కోడలు పక్కన కూర్చుని ఆమె కాళ్లకు లేసో గుడ్డ కప్పింది. పడవ కదిలాక అగుటు మెల్లగా అంచుమీంచి చేయి వంచి, వేళ్లు నీళ్లలో ముంచింది.